నీలి తొట్టెకు కాపలా

నా చదువు మొత్తం ఒక నీళ్ల తొట్టెలో ఎలా మునిగిందో చెబుతాను. నవ్వుకోండి, కానీ మా గౌరమ్మ పిన్ని కనబడితే మాత్రం ఆ ఊసెత్తకండి.

అప్పుడు నేను రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ల్యాబులో నానా తంటాలు పడి ఒక బంకమన్ను పొడి తయారుచేశాను. దానికి ఎండ తగిలితే చాలు, నీళ్లలో కలిసిన రంగును విరగ్గొట్టేస్తుంది. "గాజు గ్లాసులో కాదు, అసలు మురికినీళ్ల మీద చేసి చూపించు. అప్పుడే నా సంతకం" అన్నారు మా గైడు.

చీపురుపల్లి దగ్గర ఓ పల్లెలో గౌరమ్మ పిన్ని నూలుకు రంగులేసే షెడ్డు నడిపేది. ఆ రంగునీళ్లు ఇంకి పక్క బావి నీలంగా మారుతోందని ఊళ్లో గొడవ. సంచి పట్టుకుని అక్కడ దిగాను.

"ఏట్రా అది? మందా?" అంది పిన్ని.

"మన్ను పిన్నీ."

"మన్ను కోసం పెద్ద సదువులు సదవాలేటి? మా పెరట్లో బోల్డున్నాది. నిజం సెప్పు, నా సెడ్డు మూయించడానికి నిన్నెవలు పంపినారు?"

ఆవిడ నన్నొక్కడినే అనుమానించింది. నేను ఊరందరినీ అనుమానించాను. పొద్దున్నే తొట్టెలో రంగునీళ్లు పోసి పొడి కలుపుతుంటే, గోడ మీంచి ఒకాయన సెల్‌ఫోనుతో ఫొటో తీశాడు. అంతే! ఫార్ములా పోయింది! ఫొటోలో నీలి నీళ్లు తప్ప ఏమీ కనబడవని ఆలోచించే స్థితిలో లేను. షెడ్డులోని నల్ల టార్పాలిన్ తెచ్చి తొట్టెకు కప్పేసి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, గొడుగు వేసుకుని కూర్చున్నాను, పెళ్లింట్లో నగల పెట్టెకు కాపలా ఉన్న ముసలమ్మలా.

మధ్యాహ్నం పిన్ని మజ్జిగ తెచ్చింది. "ఒరే, అది కప్పీసినావేటి?"

"నీకు తెలీదులే పిన్నీ. సైన్సు."

నాలుగింటికి గైడు వచ్చారు. ఆయన వెనకే ఊరూ వచ్చింది. విగ్రహావిష్కరణలా టార్పాలిన్ లాగాను. నీలం! పొద్దుటికంటే ఇంకాస్త ముదిరినట్టుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"పిన్నీ! మజ్జిగ వంకతో వచ్చి రంగు కలిపేశావు కదూ?"

పిన్ని నావైపు చూడను కూడా లేదు. గైడు వైపు తిరిగింది.

"బాబూ, ఈ మన్ను ఏటి తగిల్తే పనిసేస్తాది?"

"ఎండ తగిలితేనమ్మా."

"మరి ఈడు పొద్దుట్నుంచీ తొట్టెకి దుప్పటి కప్పీసి కూకున్నాడు. సలేస్తాదనేటి?"

గైడు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఎంతకీ మళ్లీ పెట్టుకోలేదు. ఆయన భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

మర్నాడు తొట్టెను నడి ఎండలో వదిలేసి, నన్ను దాని దరిదాపులకు రానివ్వకుండా పిన్నే కాపలా కూర్చుంది. సాయంత్రానికి మన్ను అడుక్కి దిగింది. పైన నీళ్లు తేటగా మెరుస్తున్నాయి. నేను ఎగిరి గంతేశాను. పిన్ని తొట్టెలోకి తొంగి చూసి, నన్ను ఎగాదిగా చూసింది.

"రంగు ఎటెల్లిపోనాది? నాను అన్నానికి లెగిసినప్పుడు తోడీసి, బోరునీల్లు పోసీసినావు కదూ?"

నడినెత్తి సూర్యుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకే ప్రయోగానికీ దుప్పటి కప్పను. సైన్సు నీకు తెలీదని ఏ పిన్నితోనూ అనను.