మణికట్టు మీద మూడు వేళ్ళ దూరంలో

ఎనభైల మొదట్లో రాజోలు దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో ప్రసూతి వార్డు నర్సుగా పనిచేశాను. మా ఇంట్లో ఉద్యోగానికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. మా అమ్మ కోతలకీ ఊడుపులకీ వెళ్ళి నన్ను చదివించింది. ఉద్యోగం పోతుందన్న భయం నాకంటే ఆవిడకే ఎక్కువ.

ఆ రోజుల్లో మాకొక కొత్త డాక్టరమ్మ వచ్చింది. కలకత్తాలో కొన్నాళ్ళుండి చైనా పద్ధతిలో సూదుల వైద్యం నేర్చుకున్న మనిషి. నడుము నొప్పులకీ మోకాళ్ళకీ వెంట్రుకంత సన్నని సూదులు పెట్టేది. సూదులు నన్ను ముట్టనివ్వలేదు గాని ఒక చోటు మాత్రం చూపించింది. అరచేతి వైపు, మణికట్టు ముడతకి మూడు వేళ్ళ వెడల్పు పైన, రెండు తాళ్ళలా తేలే నరాల మధ్య.

"వాంతులకి ఇక్కడ నొక్కి చూడండి సిస్టర్. అందరికీ పనిచెయ్యదు. పనిచేస్తే మాత్రం ప్రాణానికి తెరిపిగా ఉంటుంది," అంది. ఆరు నెలలకే భర్తకి బదిలీ అయి వెళ్ళిపోయింది.

తర్వాత కొద్ది రోజులకి దిండి నుంచి చేపలు పట్టేవాళ్ళ ఇంటి కోడలిని తీసుకొచ్చారు. మూడో నెల. మంచినీళ్ళు తాగినా కక్కేస్తోంది. రెండు రోజులు సెలైన్ ఎక్కించాం, ఇంజెక్షన్లు చేశాం. మత్తు వచ్చింది గాని వాంతులు ఆగలేదు.

"ఇంకేం లేదాండీ సిస్టరమ్మగారూ?" అని అత్తగారు అడిగింది.

"ఒకటుందండి. మందు కాదు. తగ్గుతుందని మాటివ్వలేను. నొక్కమంటారా?"

అత్తగారు కోడలి వైపు చూసింది. ఆ పిల్ల కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపింది. "ఆయ్, నొక్కండి," అంది అత్తగారు.

సెలైన్ తియ్యలేదు, మందు ఆపలేదు. బొటనవేలితో ఒక్కో చేతికీ కాసేపు నొక్కి, అత్తగారికి నేర్పాను. వలలు లాగిన వేళ్ళు ఆవిడవి. కమిలిపోకుండా నొక్కమని చెప్పాల్సి వచ్చింది. సాయంత్రానికి నాలుగు చెంచాల గంజి ఆ పిల్ల కడుపులో నిలిచింది. మర్నాడు గ్లాసుడు తాగింది.

అప్పుడే పెద్ద డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చి, అత్తగారు నొక్కుతుంటే చూశారు. ఎవరు నేర్పారో తెలుసుకుని నన్ను తన గదికి పిలిపించారు.

"చైనా మంత్రాలు నా వార్డులో కుదరవు."

"మంత్రం కాదండి. వేలితో నొక్కేను."

"తగ్గింది సెలైన్ వల్ల. నీ వేలి వల్ల కాదు."

"అయ్యుండొచ్చండి, నాకూ తెలీదు. నా వేలి వల్ల ఆ పిల్లకి ఏం నష్టం జరిగిందో మీరు చెప్పండి."

ఆయన కాగితం ముందుకు తోసి, ఇకమీదట అలా చెయ్యనని రాసి సంతకం పెట్టమన్నారు. నేను వేరేగా రాశాను. ఏ మందూ ఆపలేదనీ, ఎవరినీ మోసం చెయ్యలేదనీ, అడిగినవాళ్ళకి మళ్ళీ నొక్కుతాననీ రాసి సంతకం పెట్టాను. సంగతి విని మా అమ్మ, వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకోమని ఏడ్చింది. పట్టుకోలేదు. వారం తిరక్కుండా నన్ను కట్లు కట్టే గదికి మార్చారు.

ఈలోగా మాట పాకింది. ముక్తేశ్వరం నుంచి ఒకాయన్ని ఆయన తమ్ముడు బస్సులో తీసుకొచ్చాడు. వాంతి వస్తోందట, నొక్కాలట. చూస్తే ఒళ్ళంతా చెమట, ఎడమ చెయ్యి లాగుతోందంటున్నాడు.

"నేను నొక్కను. ముందు డాక్టరుగారు చూడాలి."

"ఆడోళ్ళకైతే నొక్కుతారు, మాకు నొక్కరాండీ?" అని తమ్ముడు తగాదాకి దిగాడు. అతను అరుస్తుండగానే స్ట్రెచర్ తెప్పించి పెద్ద డాక్టరుగారి దగ్గరికి తోసుకెళ్ళాను. గుండెపోటు. ఆయన మందిచ్చి, కాకినాడ పంపించారు. మనిషి బతికాడు.

"నువ్వెందుకు నొక్కలేదు?" అన్నారు ఆయన తర్వాత.

"అది నొక్కితే పోయేది కాదండి."

ఆయన తల ఊపారు. ప్రసూతి వార్డుకి మాత్రం నన్ను తిరిగి పంపలేదు.

కట్ల గదికి వరండా వైపు ఒక కిటికీ ఉండేది. వేవిళ్ళ ఆడవాళ్ళు అక్కడికొచ్చి ఊచల మధ్య నుంచి చెయ్యి లోపలికి పెట్టేవారు. కొందరికి తగ్గేది, కొందరికి తగ్గేది కాదు. తగ్గనివాళ్ళని సెలైన్ పెట్టించుకోమని నేనే వార్డుకి పంపేదాన్ని. పెద్ద డాక్టరుగారు రోజూ ఆ వరండా మీదుగానే నడిచేవారు. ఆయన అడుగుల చప్పుడు విని నేను ఎవరి చెయ్యీ వదల్లేదు.