రేణిగుంటలో 17-10 బండి

మా ఇంటావిడ తిరుచానూరు అమ్మవారికి మొక్కుకున్న మొక్కు మూడేళ్లు వాయిదా పడింది. యుద్ధం రోజుల్లో రైలెక్కడమంటే మాటలా? చివరికి ఈ వేసవి సెలవుల్లో, మోకాళ్ల నొప్పులతో తాను రాలేనని, నన్నే పోయి రమ్మంది. వచ్చేటప్పుడు రెండు డజన్ల పచ్చగాజులు తెమ్మంది.

నేను కడపలో లెక్కలు చెప్పే అయ్యవారిని. జేబులో గడియారం లేనిదే గడప దాటను. పిల్లలు చాటున నన్ను గడియారం అయ్యవారంటారని తెలుసు, అననీ.

పొద్దున ఆరూ పదికి కడపలో బండెక్కాను. సగం పెట్టెలు సిపాయిలకే. మిగిలిన సగంలో మేమంతా ఒంటికాలి మీద నిలబడి పదకొండున్నరకు రేణిగుంటలో దిగాం. అక్కడినుంచి చిన్నబండిలో తిరుపతి. సత్రంలో గది దొరికింది, చాప మాత్రం మనదే. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి అలిపిరిలో మెట్లెక్కడం మొదలుపెట్టి, ఎనిమిదింబావుకు కొండమీదికి చేరాను. ఎక్కదలచినవారు చీకటితోనే బయలుదేరండి, ఎండెక్కితే మెట్లు పెనంలా కాలుతాయి. దర్శనం తృప్తిగా జరిగింది.

మూడోరోజు పొద్దున తిరుచానూరులో మొక్కు తీర్చి, గుడి వీధిలో గాజుల కొట్టు ముందు ఆగాను. గోవిందశెట్టి అనే ఆయన, అరవై ఏళ్లుంటాయి, తాడుకు గుచ్చిన గాజుల్లోంచి బొటనవేలితో ఒక గుత్తి తెంపి ఇచ్చాడు, మరో గుత్తి తెంపి ఇచ్చాడు. లెక్కపెట్టిన జాడే లేదు. నేను ఊరుకుంటానా? అక్కడే నిలబడి లెక్కపెట్టాను. పన్నెండూ పన్నెండే.

"ఏం సామీ, నా సేతిమీద నమ్మకం లేదా?" అని నవ్వాడు.

ఆయనా ఆరోజు కాళహస్తికి పోవాలట. గాజుల మూట భుజాన వేసుకుని తిరుపతిలో పన్నెండూ ఇరవై బండికి నాతోపాటే ఎక్కాడు. పన్నెండూ యాభైకి రేణిగుంటలో దిగాం. నా కడప బండి రాత్రి ఏడూ అయిదుకు, ఆయన బండి ఆరింటికి. ఇక్కడ ఇంతసేపు ఆగవలసినవారు పెరుగన్నం కట్టుకుని రావడం మంచిది, స్టేషన్లో ఇడ్లీలు పదింటికే అయిపోతాయి.

మేము దిగుతుంటే ఒక ముసలి దంపతులు పెట్టె పెట్టెకూ పరుగెత్తుతూ మొహాలు వెతుకుతున్నారు. బండి వెళ్లిపోయాక ఆమె మా పక్కనే కూలబడింది. చేతిలో ఓళిగల మూట, బెల్లం బొబ్బట్ల వాసన. పేరు మునెమ్మ, ఊరు పాకాల దగ్గర పల్లె. ఆయన పేరు మునిసామి.

"వాడు రాలే. ఇంగ పోదాం పా," అన్నాడాయన.

"నేను రాను. నా బిడ్డ రాసినాడు, వస్తాడు," అంది ఆమె, కదలకుండా.

సంగతేమిటని అడిగాను. కొడుకు చెంగల్రాయుడు సిపాయి. రెండేళ్లయింది చూసి. వాడి పటాలాన్ని ఎక్కడికో తరలిస్తున్నారు, దారిలో రేణిగుంటలో బండి నీళ్లు పట్టుకుంటుంది, వచ్చి కనబడమని సెలవుమీద ఊరికొచ్చిన స్నేహితుడి చేత చీటీ పంపాడు. మిలిటరీ బండి సంగతి స్టేషన్లో అడిగితే పట్టుకుపోతారని ఆ స్నేహితుడే భయపెట్టాడట. మునెమ్మ కొంగుముడి విప్పి, అటూ ఇటూ చూసి, చీటీ నా చేతిలో పెట్టింది. తేదీ, రేణిగుంట, 17-10. అంతే ఉంది.

"మా ఊరి ఐనోరు సూసి సెప్పినాడు," అన్నాడు మునిసామి. "పొద్దు పొడిసినంక పదిహేడు ఘడియల పది విఘడియలకంట. అంటే మద్యాన్నం. ఐనోరి లెక్క తప్పదు సామీ. బండే వచ్చిండదు."

ఆ పురోహితుణ్ణి తప్పుపట్టలేం. పంచాంగంలో రోజుకు అరవై ఘడియలు, ఘడియకు అరవై విఘడియలు; ఘడియంటే మన ఇరవై నాలుగు నిమిషాలు. ముహూర్తాలు రాసేదీ అచ్చం అలాగే. పదిహేడు ఘడియలంటే పొద్దు పొడిచినప్పటి నుంచి ఏడు గంటల లోపే, సరిగ్గా మేము దిగిన వేళ. కానీ సిపాయి పంచాంగం చూసి రాస్తాడా?

"ఇది మిలిటరీ గడియారమయ్యా," అన్నాను గొప్పగా. "వాళ్లు మధ్యాహ్నం దాటాక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టరు. పదమూడు, పద్నాలుగు అంటూ ఇరవై నాలుగుదాకా పోతారు. పదిహేడులో ఆ ముందరి ఒకటి కొట్టెయ్యి, ఏడు. సాయంత్రం ఏడూ పదికి వస్తాడు."

మునిసామి మొహం విప్పారింది. "ఏడా! అయితే సానా పొద్దుండాది. తిరుపతిలో మా సడ్డకుని ఇంటికి పోయి నాలుగు మెతుకులు తిని వద్దాం, లెయ్," అన్నాడు. మునెమ్మ లేచింది కూడా.

"ఆగప్పా," అన్నాడు గోవిందశెట్టి. నా వైపు తిరిగి, "సామీ, రోజుకు గంటలెన్ని?" అన్నాడు.

"ఇరవై నాలుగు."

"రెండు డజన్లు గదా. అర్ధరాత్రి నుంచి మద్యాన్నానికి ఒక డజను, ఆణ్ణించి మళ్లా అర్ధరాత్రికి ఇంకో డజను. మిలిట్రీ వోళ్లు రెండు డజన్లూ ఒకే తాడుకు గుచ్చినారు, అంతే." మూటలోంచి గాజుల తాడు తీసి, పదిహేడు గాజులు లెక్కపెట్టి, బొటనవేలితో ఒక డజను పక్కకు జరిపాడు. "ఇంగ ఎన్నుండాయి?"

అయిదు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఇరవై మూడేళ్లుగా తీసివేతలు చెప్పేవాణ్ణి, పన్నెండు తీయవలసినచోట పది తీశాను! నా మాట నమ్మి వెళ్లి ఉంటే వాళ్లు తిరిగొచ్చేసరికి బండి దాటిపోయేది.

"శెట్టిగారి లెక్కే నిజం. కదలకండి," అన్నాను.

ఆ నాలుగు గంటలూ మునెమ్మ పట్టాల వైపే చూస్తూ కూర్చుంది. అయిదూ పది అయింది, బండి లేదు. మునిసామి నావైపు చూశాడు, నేను గడియారం వైపు చూశాను. అయిదూ పదమూడుకు పొగ కక్కుతూ బండి వచ్చి ఆగింది.

బండి నిండా ఖాకీ బట్టలు, గుండు కొట్టినట్టున్న తలలు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. "చెంగల్రాయా!" అని మునిసామి అరిచిన అరుపుకు స్టేషనంతా తిరిగి చూసింది. నాలుగో పెట్టె కిటికీలోంచి ఒక చెయ్యి ఊగింది. దిగడానికి వీల్లేదట. మునెమ్మ ఊచల్లోంచి చెయ్యి పెట్టి వాడి చెంపలు తడిమింది.

"తిన్నావా నాయనా?"

"తిన్నానమ్మా. యాడికి పోతాండామో మాకే తెలీదు, నువ్వు ఏడవబాకు."

ఆమె ఏడవలేదు. ఓళిగలు ఒక్కొక్కటే అందించింది. వాడూ వాడి పక్కవాళ్లూ తింటుంటే కళ్లార్పకుండా చూసింది. ఏడ్చింది మునిసామి. గోవిందశెట్టి మూట సర్దుకునే మిషతో అటు తిరిగాడు. ఆ శెట్టిగారి కాళ్లకు అక్కడే దణ్ణం పెట్టాలనిపించింది నాకు. అయిదూ ఇరవై మూడుకు బండి కదిలింది.

ఏడూ అయిదు బండి పావుగంట ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్కనే చోటు దొరికింది. మునెమ్మ వెతుక్కుంటూ వచ్చి కిటికీ పట్టుకుంది.

"అయ్యా, మావోడి బండి ఎంతసేపు నిలబడింది?"

"పది నిమిషాలమ్మా."

"అది మా ఐనోరి లెక్కలో ఎంత?"

ఈసారి తొందరపడలేదు, రెండుసార్లు వేసి చూసుకున్నాను. "ఇరవై అయిదు విఘడియలు."

"ఇరవై అయిదా!" ఆమె మొహం వెలిగిపోయింది. మొగుడి వైపు తిరిగి, "ఇంటివా? ఇరవై అయిదంట! సానాసేపే సూసినాం మనోణ్ణి," అంది.

బండి కదిలింది. ఇన్నేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను గానీ, నేను చెప్పిన జవాబుకు ఒక మనిషి అంత సంతోషించడం చూసింది ఆ ఒక్కసారే.