అధికారుల తెలుగు

భవానీపూర్‌లో ఒక బడి గుమస్తా పుష్పరాణికి నలభై ఆరో ఏట మాతృభాష నేర్చుకోవాల్సిన అగత్యం పట్టింది. తల్లి సింహాచలమ్మ ముప్పై ఏళ్లు కార్పొరేషన్ వీధులు ఊడ్చిన మనిషి. చీపురు కూతురి చేతికి రాకూడదని ఐదో ఏటే బెంగాలీ హాస్టల్లో వేసింది. కూతురు సెలవులకు ఇంటికొచ్చినా దానితో వచ్చీరాని బెంగాలీయే మాట్లాడింది. మొన్న చలికాలం వచ్చిన పక్షవాతం ఆ బెంగాలీని కాస్తా ఊడ్చుకుపోయింది. మిగిలింది శ్రీకాకుళం తెలుగు. వాళ్లుండే బస్తీ ఖాళీ చేయించాక అక్కడి తెలుగువాళ్లు తలో దిక్కూ పోయారు. ఫోన్లోని అనువాదానికి ఆవిడ యాస కొరుకుడు పడలేదు.

కాలేజీ స్ట్రీట్ పాత పుస్తకాల్లో ఒక కోర్సు దొరికింది. ఎప్పుడో ఆంధ్రాకు బదిలీ అయ్యే అధికారుల కోసం తయారు చేసినది. అరవై పాఠాలు, పన్నెండు క్యాసెట్లు. గురువు ఎదురుగా నిలబడి వల్లె వేయించాల్సిన చదువది. ఈవిడకి గురువూ తానే, శిష్యురాలూ తానే. ఒక వాక్యం పట్టుకుని, అందులో ఒక్క మాట మారుస్తూ పదిసార్లు అనాలి. "తహసీల్దారుగారు వచ్చారా? మునసబుగారు వచ్చారా?" అని అన్నం వారుస్తూ, బస్సులో వేలాడుతూ అడిగేది. ఏ మునసబూ రాలేదు గాని, వాక్యాలు మాత్రం నోటికొచ్చేశాయి. పిచ్చిది, ఎంత మురిసిపోయిందో.

నలభయ్యో పాఠానికి వచ్చేసరికి సింహాచలమ్మ తిండి మానేసి మూలగడం మొదలుపెట్టింది. చూడ్డానికొచ్చిన డాక్టరు ఎక్కడ నొక్కినా పళ్లు బిగించి ఊరుకుంది. నొప్పెక్కడో ఆవిడ చెబితే తప్ప తేలదని వెళ్లిపోయాడాయన. పుష్పరాణి మంచం పక్కన నిలబడి, క్యాసెట్లో గొంతు ఎలా పలికిందో అచ్చం అలాగే పలికింది.

"తమరికి ఎక్కడ నొప్పిగా ఉన్నదండీ?"

అలాంటి తెలుగు ఆవిడతో అధికారులు తప్ప ఎవరు మాట్లాడారు గనక! బెదిరిపోయి, మంచి చేత్తో పైట సర్దుకుని లేవబోయింది.

"నొప్పేటీ నేదమ్మగారూ. రేపు పనికొచ్చేత్తాను. మస్తర్లో పేరు కొట్టీకండి."

పుష్పరాణి నేర్చిన పాఠాలన్నీ మనసులో తిరగేసింది. 'నువ్వు' అనే మాట ఆ కోర్సులో ఎక్కడా లేదు. ఉన్నదాంతోనే, "నేను మీ కుమార్తెనండీ" అంది.

"కూతురుందండి, ఒక్క ఆడగుంటే," అంది తల్లి గొంతు తగ్గించి. "కడుపులో పోటు సంగతి దానికి సెప్పకండమ్మగారూ. బెంగెట్టుకుంటాది."

పుష్పరాణి అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లింది. పేగు చిట్లి రెండు రోజులైందన్నారు. మూడో రోజు సింహాచలమ్మ పోయింది. పోయేదాకా కన్నకూతుర్ని అమ్మగారూ అనే పిలిచింది.