మా ఇంటి మ్యూట్ బటన్

నాకు ప్రమోషన్ వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి మెయిల్ చూశాను. నాలుగుసార్లు చదివాను, నమ్మకం చాలక పక్క సీటు అమ్మాయి చేత ఇంకోసారి చదివించాను. వచ్చే ఒకటో తారీకు నుంచి మా కంపెనీలో కొత్తగా చేరేవాళ్ళకు పాఠం చెప్పే ట్రైనర్‌ని నేనే. స్కూళ్ళకూ ఆసుపత్రులకూ ఆఫీసులకూ వీడియో మీటింగ్ సామాన్లు బిగించి, అవి మొరాయిస్తే ఫోన్‌లో దారి చెప్పే కంపెనీ మాది. మా ఇంటిపేరున్న వాళ్ళలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే, ఇప్పుడు ఇంకొకరికి పాఠం చెప్పబోయే మొదటి మనిషిని కూడా నేనే. తిరువళ్ళూరులో మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఫోన్లు చేయాల్సిన వాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, ముందు రాసుకుంటే నయమనిపించింది. (నేను బడిలో చదివింది తమిళం. ఈ తెలుగు అక్షరాలు తర్వాత ఫోన్ చూసి నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి.)

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలమేం కాదు, ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేయడం జనం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న రోజుల్లో, మ్యూట్ అనే మాటకు మా ఇంట్లో ఒకటే అర్థం ఉండేది. సీరియల్ మధ్యలో ప్రకటనలు వస్తే అవ్వ నొక్కే బటన్ అది. మాది తిరుత్తణి పక్కన కే.జీ.కండిగై. నాయనకు కొంచెం చెరుకు, కొంచెం చెనిక్కాయ, ఒక బోరు. నేను బీఎస్సీ ముగించి, రెండు ఇంటర్వ్యూల్లో తప్పి, ఇంట్లో కూర్చుని ఉన్నాను. ఒక ప్యాకింగ్ కంపెనీ వ్యాను రోజూ పొద్దున్నే మా వీధి మొదట్లో ఆగి ఆడపిల్లల్ని ఎక్కించుకుపోయేది. ఎన్నాళ్ళు ఊరికే ఉంటావని అందరూ అడుగుతుంటే పడలేక, సోమవారం నుంచి నేనూ వస్తానని ఆ డ్రైవరన్నకు మాటిచ్చేశాను. సరిగ్గా ఆ వారమే ఇప్పటి కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. శనివారం పదింటికి, వీడియోలో ఇంటర్వ్యూ. శనివారం నెగ్గితే ఆఫీసు, లేకపోతే సోమవారం వ్యాను. (ప్యాకింగ్ పనిని తక్కువ చేయడం లేదు, మా పిన్ని ఆ పనే చేస్తుంది. కానీ డిగ్రీ గౌను వేసుకున్న నా ఫొటోను అమ్మ పటం కట్టించి, దేవుడి పటాల వరసలో తగిలించి ఉంది. శుక్రవారం శుక్రవారం దానికీ బొట్టు పెట్టేది. ఆ పటం కిందనుంచే టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి నడవడానికి నాకు మనసొప్పలేదు.)

నాకు పాఠం చెప్పడానికి జెరాక్స్ మామ వచ్చాడు. ఆయన మా అమ్మకు అన్న. కనకమ్మ సత్రం కూడలిలో జెరాక్స్ అంగడి ఉంది కాబట్టి, కరెంటుతో నడిచే ఏ వస్తువైనా ఆయనకు తెలుసని మా చుట్టాల నమ్మకం, ఆయన నమ్మకం కూడా. అంగడి లాప్‌టాప్‌ను బైకు ముందు పెట్టుకుని తెచ్చి, రెండు సాయంత్రాలు మా అందరినీ కూర్చోబెట్టి ఒక్కో మాటా చెప్పాడు. హోస్ట్ అంటే మీటింగ్ పెట్టినవాళ్ళు. వాళ్ళు తలుపు తీసేదాకా మనం ఉండాల్సిన చోటు వెయిటింగ్ రూమ్. మన మైకు మూసుకుంటే మ్యూట్, తెరుచుకుంటే అన్‌మ్యూట్. మన తెరమీద ఉన్నది వాళ్ళకు చూపిస్తే స్క్రీన్ షేర్. అందరి మొహాలూ గళ్ళు గళ్ళుగా కనిపిస్తే గ్యాలరీ వ్యూ. ఇక్కడిదాకా బాగానే సాగింది. బ్యాండ్‌విడ్త్, లేటెన్సీ దగ్గరికి వచ్చేసరికి మామ అంగడిలో ప్రింటు తీసుకొచ్చిన కాగితం చూసి ఇంగ్లీషులో చదివాడు, నేను బట్టీ పట్టాను, ఇద్దరికీ అర్థం కాలేదు.

నాయన మాత్రం వదల్లేదు. పక్కింటి అత్తవాళ్ళ నెట్ గోడ దాటి మా ఇంట్లోకి వచ్చేది (వాళ్ళ అనుమతితోనే). బొమ్మ ఆగి ఆగి పోతుంటే నాయన లేచి పక్కింటికి వెళ్ళి చూసి వచ్చాడు. అక్కడ ముగ్గురు మూడు ఫోన్లలో మూడు సినిమాలు చూస్తున్నారు. ఆయన వాళ్ళను అరగంట ఆపమని అడగ్గానే ఇక్కడ బొమ్మ సాఫీగా నడిచింది. నాయన గోడకు ఆనుకుని కూర్చుని, "ఓ, మడవ సంగతా ఇది. ఒకే మడవకు నాలుగు కయ్యలు పెట్టుకుంటే దేనికీ నీళ్ళు పారవు" అన్నాడు. (మడవ అంటే కయ్యలకు, అంటే చిన్న మళ్ళకు, నీళ్ళు వదిలే దారి.) మామకు ఆ పోలిక నచ్చలేదు. ఇది కంప్యూటరు, నీ చెరుకు తోట కాదు బావా అని తీసిపారేశాడు. శనివారం పొద్దున పదింటినుంచి పదకొండు దాకా ఎవరూ నెట్ వాడకూడదని నాయన పక్కింట్లో మాట తీసుకున్నాడు, బోరు దగ్గర వంతులు మాట్లాడుకున్నట్టే.

ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. అందువల్ల పరాయివాళ్ళ ముందు గుట్టుగా ఏదైనా అనుకోవాలంటే మేము గొంతు తగ్గించం, తెలుగులోకి మారతాం, అంతే. తిరువళ్ళూరు బట్టల అంగట్లో అమ్మ చీర పట్టుకుని, "రెండు ఉతుకులకు వెలిసిపోతాది, లెయ్ పోదాం" అని అంగడాయన మొహం మీదే నాకు చెప్పి, ఆయనవైపు తిరిగి తమిళంలో ఎంత బాగుందో, మళ్ళీ వస్తాం అనేది. బస్సులో, ఆసుపత్రిలో, బ్యాంకులో, అన్నిచోట్లా ఇదే. మామ నేర్పిన మ్యూట్ బటన్ నాకు ఒక్కదానికే. ఇంట్లో మిగతావాళ్ళకు తెలుగే మ్యూట్ బటన్, పుట్టినప్పటినుంచీ ఉన్నది.

శనివారం నాయన ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి కొండకు వెళ్ళేటప్పుడు వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. నా వెనకాల చెనిక్కాయ మూటలు కనిపిస్తాయని మామ వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ పెట్టాడు. అంటే నా వెనక ఉన్నదంతా చెరిపేసి, బదులుగా ఒక పుస్తకాల బీరువా బొమ్మ చూపించే ఏర్పాటు. ఇది అమ్మకు ఎంతో నచ్చింది. బొమ్మ అడ్డం ఉంది కాబట్టి మనం కనిపించం అని ధైర్యంగా నలుగురూ నా వెనకాల మూటల మీద వరసగా కూర్చున్నారు. వెయిటింగ్ రూమ్‌లో ఏడు నిమిషాలు పట్టింది. "ఇంతసేపు వాకిట్లో నిలబెట్టినారే, మంచినీళ్ళు కూడా అడగలేదు" అని అవ్వ నొచ్చుకుంది.

తలుపు తెరుచుకుంది. గ్యాలరీ వ్యూలో మూడు గళ్ళు. ఒకదానిలో నేను. ఒకదానిలో చెవులకు పెద్ద హెడ్‌ఫోన్ పెట్టుకున్న అబ్బాయి. మూడోది నల్లటి గడి, మధ్యలో ఒక ఇంగ్లీషు అక్షరం, మొహం లేదు. హెడ్‌ఫోన్ అబ్బాయి తమిళంలో, శబ్దం వినిపిస్తోందా అని అడిగాడు. నేను అన్‌మ్యూట్ నొక్కి వినిపిస్తోందన్నాను. అతను ప్రశ్నలు మొదలుపెట్టాడు. వాళ్ళు మాట్లాడేటప్పుడు మ్యూట్, నేను మాట్లాడేటప్పుడు అన్‌మ్యూట్ అని మామ నేర్పిన వరస రెండో ప్రశ్నకే తప్పింది. మైకు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. మావాళ్ళు గమనించినా పట్టించుకునేవాళ్ళు కాదులెండి. మాట్లాడుతున్నది తెలుగే కదా.

అవ్వ ముందు మొదలుపెట్టింది. ఈ పిల్లోడు తిన్నాడో లేదో, దవడలు లోపలికి పోయినాయి అంది. వాడికేమీ తెలీదు బావా, కాగితం చూసి అడగతాండాడు అని మామ. అమ్మకు ఆ నల్ల గడి మీద కోపం. "ఉద్యోగం ఇచ్చేవాళ్ళు టయానికి రావొద్దా? ఒట్టి డబ్బా పెట్టి పోయినారు" అంది. అంటూనే నాకు కాఫీ అందించింది. తెరమీద నేను చూసింది ఏమిటంటే, పుస్తకాల బీరువాలోంచి ఒక చెయ్యి, గాజులతో సహా, కాఫీ లోటాతో బయటికొచ్చి గాలిలో నిలబడింది. మనిషి లేదు. నేను తీసుకోలేదు. చెయ్యి కాసేపు ఎదురుచూసి మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోయింది. హెడ్‌ఫోన్ అబ్బాయి నీళ్ళ సీసా తీసుకుని చాలాసేపు తాగాడు.

అప్పుడు అసలు ప్రశ్న వచ్చింది. బ్యాండ్‌విడ్త్‌కూ లేటెన్సీకీ తేడా ఏమిటి? నేను బట్టీ పట్టిన ఇంగ్లీషు మొత్తం అప్పజెప్పాను. అతను తల ఊపి, సరే, ఒక పల్లెటూరి బడి హెడ్‌మాస్టరు ఫోన్ చేసి మా బొమ్మ ఎందుకు ఆగుతోందని అడిగితే ఇదే చెప్తారా, ఆయనకు అర్థమయ్యేట్టు చెప్పండి అన్నాడు. కాగితంలో ఆ తర్వాత ఏమీ రాసి లేదు. కళ్ళముందు సోమవారం వ్యాను వచ్చి ఆగినట్టే ఉంది.

వెనకనుంచి నాయన గొంతు. ఆయన గుసగుసగా చెప్పలేదు. పొలంలో గెనిమ గట్టు మీద నిలబడి చెప్పినట్టు చెప్పాడు.

"మడవ సంగతి చెప్పు పాపా. మడవ వెడల్పుంటే నీళ్ళు ఎక్కువ పారతాయి, అది ఒకటి. మోటరు వేసినాక చివరి కయ్యకు నీళ్ళు చేరేదానికి పట్టే సేపు, అది ఇంకొకటి. మడవ ఎంత వెడల్పున్నా, అంత దూరం నీళ్ళు నడిచి పోవాల్సిందే గదా."

నల్ల గడి అంచు పచ్చగా వెలిగింది. అందులోంచి ఒక ఆడమనిషి గొంతు, అచ్చం మా ఇంట్లో మాట్లాడినట్టే, "అయ్యా, మడవ ఎంత వెడల్పున్నా అన్నారే, ఆ మాట ఇంకోసారి చెప్పండి" అంది.

మా ఇంట్లో ఎవరూ కదల్లేదు. ఎంతసేపటికీ తెరమీద ఏదీ మెదలకపోయేసరికి హెడ్‌ఫోన్ అబ్బాయి తమిళంలో, వాళ్ళ వీడియో ఫ్రీజ్ అయినట్టుంది మేడమ్ అన్నాడు.

"ఫ్రీజ్ కాలేదులే, అందరూ బాగానే ఉండారు" అని ఆమె నాతో మాట్లాడింది. "మాది తిరువాలంగాడు పక్కనమ్మా. మా ఇంట్లోనూ బస్సెక్కితే ఇదే కథ. కెమెరా ఆపినంత మాత్రాన మనిషి రాలేదని కాదు. మా ఇంటి మడవ చిన్నది, అందుకని ఆపుకోని ఉండాను. అవ్వకు చెప్పు, ఆ అబ్బాయి ఇడ్లీ తిని వచ్చినాడని. ఆ కాఫీ తీసుకో, మీ అమ్మ చెయ్యి నొప్పి పుడతాది."

చెయ్యి మళ్ళీ బీరువాలోంచి వచ్చింది. ఈసారి తీసుకున్నాను. తాగానో లేదో గుర్తులేదు. ఉద్యోగం పోయిందని మాత్రం తేలిపోయింది. పోయినదానికి ఇంక భయం ఎందుకనుకున్నానేమో, కుదురుగా కూర్చున్నాను. అప్పుడు ఆమె అడిగింది, ఒక గదిలో ఇద్దరు ఒకే మీటింగ్‌లో ఉంటే ఎకో ఎందుకు వస్తుంది అని. ఇది మీ నాయన చెప్పకూడదు, నువ్వు చెప్పాలి అని కూడా అంది. నాయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. మా వీధిలో ద్రౌపదమ్మ తిరునాళ్ళకు భారతం ఆడేటప్పుడు మైకు పట్టుకున్న మనిషి స్పీకరు పెట్టె ముందుకు పోతే కుయ్యిమంటుంది. తన మాట తన మైకులోకే తిరిగొచ్చి, మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. మేము పిల్లలం చెవులు మూసుకుని నవ్వేవాళ్ళం. నేను అదే చెప్పాను, ముందు తెలుగులో, తర్వాత హెడ్‌ఫోన్ అబ్బాయికి తమిళంలో. ఇద్దరిలో ఒకరు మైకు మూసుకోవాలి, లేదా చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకోవాలి, ఈయన పెట్టుకున్నట్టు అన్నాను. అతను మొదటిసారి నవ్వాడు. తెలియజేస్తామన్నారు. గళ్ళు మూసుకున్నాయి.

ఆ తర్వాత ఎవరూ ఎవరినీ తిట్టలేదు. అదే ఇంకా కష్టంగా ఉండింది. అమ్మ లాప్‌టాప్ మీద దుప్పటి కప్పింది. ఫోన్ దగ్గరుంటే ఇంట్లో అందరూ తమిళం మాట్లాడటం మొదలుపెట్టారు, అవ్వతో సహా. "పాప నోటికాడిది నేను చెడిపితిని" అని నాయన పొలంలో అమ్మతో అన్నాడట. ఆదివారం సాయంత్రం నేను టిఫిన్ డబ్బా కడిగి బోర్లించుకుంటుంటే ఫోన్ మోగింది. ఆమే. ఎప్పుడు చేరతావు అని అడిగింది. పని నేర్పడం మా చేత అవుతుంది, తెలియని మనిషికి అర్థమయ్యేట్టు చెప్పడం మేము నేర్పలేము, అది మీ ఇంట్లో ఉంది అంది. నేను తమిళంలోనే జవాబు చెప్తుంటే, తెలుగులో మాట్లాడు, ఎవరూ వినడం లేదులే అంది.

మడవ మాట మా ఆఫీసులో నిలిచిపోయింది. ఒకటో తారీకున నేను చెప్పబోయే మొదటి పాఠంలో రెండో స్లైడు మా బోరు ఫొటో. ఇంటర్వ్యూల్లో కూర్చోవడం కూడా ఇక నా పనే. మెయిల్ రాగానే నేను అనుకున్న మొదటి సంగతి, ముందు నా కెమెరా వేసి, నాకు తెలుగు వచ్చునమ్మా అని చెప్పి, ఆ తర్వాతే ప్రశ్న అడగాలని. ఇప్పుడు నా మీటింగుల్లో నా వెనకాల గది గోడ ఒకటే ఉంటుంది. నిజం గోడ, బొమ్మ అక్కర్లేదు. మైకు మూయడం ఒక్కసారి కూడా మరిచిపోను. అయినా కష్టమైన ప్రశ్న వస్తే, బీరువాలోంచి లోటా వస్తుందేమోనని ఒక క్షణం వెనక్కి చూసే ఆ పిల్ల నాలోంచి ఇంకా పోలేదు. పోవాలని కూడా నాకు లేదు.

ఇక ఫోన్లు చేయాలి.

నాయన. ఈ వేళకు మడవ తిప్పుతుంటాడు, ఫోన్ చొక్కా జేబులో, చొక్కా బోరు షెడ్డు మేకుకు. ఆరు దాటాక.

అమ్మ. ఆమెకు ముందు చెప్తే నాయనకు నేను చెప్పే పని ఉండదు, అందుకని నాయన తర్వాత.

అవ్వ. వీడియోలో. ఫోన్ చెవికి పెట్టుకోవద్దని ముందే చెప్పాలి, లేకపోతే చెవి ఒక్కటే కనిపిస్తుంది.

జెరాక్స్ మామ. నేర్పింది నేనే గదా అంటాడు. అవునని ఒప్పుకోవాలి.

పక్కింటి అత్త. ఆ ఒక గంట నెట్ ఆపుకున్నందుకు.

వ్యాను డ్రైవరన్న. సోమవారం వస్తానని రాలేదు, ఎందుకో ఇంతవరకూ చెప్పలేదు.

నల్ల గడి మేడమ్. పోయినేడు రిటైరై తిరువాలంగాడులోనే ఉంది. ఆమెకు చివర్లో, తీరిగ్గా. కెమెరా వెయ్యమని ఈసారి నేను అడుగుతాను. మడవ చాలకపోతే గొంతే చాలు.