పలక బండ మీద తడి పాదాలు

మా ఇంట్లో స్నానాల గది బయట పరిచినవన్నీ నల్ల పలక బండలే. మార్కాపురంలో ఆ రాయికి కరువేముంది! తడికాళ్లతో ఎవరు నడిచినా ఆరేదాకా పాదం అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది.

నాలుగో తరగతి చదివే నా కూతురు ఆ రోజు బడి నుంచి వచ్చి అన్నం ముట్టలేదు. ఖోఖో జట్టులోంచి తీసేశారట. "అరికాళ్లు చదునంటమ్మా, నేను ఉరకలేనంట! టీచరు చెప్పింది" అని వెక్కివెక్కి ఏడ్చింది. దానికి ఖోఖో అంటే ప్రాణం. నాకు ఒళ్లు మండింది.

కోపం చల్లారాక సందేహం పట్టుకుంది. అసలు చదును అరికాలంటే ఏమిటి? దాని కాళ్లు తడిపి బండ మీద నిలబెట్టాను. మడమ నుంచి వేళ్ల దాకా నిండుగా పడింది అచ్చు. పక్కన నాది వేస్తే నడుమ సన్నటి చారే ఉంది. ఇన్నేళ్లు ఈ పాదాలకు నూనె రాసి, గోళ్లు తీసి, ముద్దులు పెట్టినదాన్ని, ఇది ఎలా చూడలేదబ్బా!

"ఏందే, ఇంట్లో దొంగలు పడినారా? అచ్చులు తీస్తున్నావు?" అంటూనే మా ఆయన కూడా కాళ్లు తడుపుకున్నాడు. ఆయనదీ నాలాంటిదే. గొర్రెలు తోలుకుని వచ్చిన మా అత్త మాత్రం, "నాకెందుకమ్మా ఈ ఆటలు? మా వైపు అట్లాంటి కాళ్లు ఎవరికీ లేవు" అని లోపలికి వెళ్లిపోయింది. అంటే మా పుట్టింటి నుంచి తెచ్చాననేగా!

మర్నాడు ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పిల్లను మునివేళ్ల మీద లేవమన్నాడు. లేచింది. చూద్దును కదా, అరికాలి కింద చక్కగా వంపు తేలింది! నొప్పి లేకపోతే భయం లేదన్నాడు, ఉరకనివ్వమన్నాడు. బూట్లలో బొటనవేలి ముందు కాస్త ఖాళీ ఉండాలి, కాలు పెరుగుతుంది గనుక అప్పుడప్పుడూ చూస్తుండాలి. నా ప్రశ్నలకు అంతు లేదు. "ఇది ఎక్కడి నుంచి వస్తుంది సార్?" అంటే, "ఇంట్లో పెద్దవాళ్లెవరికన్నా ఉంటుందిలేమ్మా" అని నవ్వాడు.

సాయంత్రం ఆ మాట ఇంట్లో చెప్పాను. అత్త లేచి, చెంబుతో కాళ్ల మీద నీళ్లు పోసుకుని బండ మీద నిలబడి పక్కకు జరిగింది. రెండు పాదాలూ నిండుగా పడ్డాయి. నేను నోరు వెళ్లబెట్టాను.

"పెళ్లిచూపుల్లో నన్ను తడికాళ్లతో నడిపించినారు. ఇట్లాంటి పాదాల పిల్ల అడుగుపెడితే అత్తగారింటికి కీడంట. మా అమ్మ చెప్పినట్లు అచ్చు నిండుగా పడకుండా కాళ్లు వారగా పెట్టి నడిచినా. మీ మామకు కూడా తెలీదు. దీన్నీ అట్లే అంటారని భయమేసిందమ్మా" అంది, తలెత్తకుండా.

అత్త మీద అంత జాలి నాకెప్పుడూ కలగలేదు. నా కూతురు మాత్రం ఆ అచ్చుల దగ్గర గొంతుక్కూర్చుని, "అవ్వా, మరి నువ్వు ఉరికేదానివా?" అంది.

"ఉరకడమా! గొర్రె తప్పిపోతే కొండెక్కి పట్టుకొచ్చేదాన్ని. మీ తాత యాడో వెనకుండేటోడు."

పిల్ల నవ్వింది. అత్త చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని తన కాళ్లను కాసేపు చూసుకుంది.

"రేపు నన్ను బడికి తోలుకపో. మీ టీచరమ్మకు నా కాళ్లు చూపిస్తా" అంది.