ఎద మీది చురకలు

మా పాపకు పాలు తాగడమే పెద్ద పని. నాలుగు గుక్కలు తాగి ఆగేది, నుదురంతా చెమట. ఊపిరి తీస్తే పక్కలు ఎగిరేవి. కామారెడ్డిలో పిల్లల డాక్టరు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. స్కాన్ తీస్తే గుండెలో కింది గదుల మధ్య రంధ్రం ఉందని తేలింది. పుట్టుకతో వచ్చిందట. పెద్దది, దానంతటది పూడదు, ఊపిరితిత్తులు పాడవక ముందే ఛాతీ తెరిచి మూయాలన్నారు. హైదరాబాద్‌లో ఆపరేషన్‌కు రోజు ఖాయమైంది.

అంతవరకు ఎల్లారెడ్డిలో అత్తగారింట్లో ఉన్నాం. ఒక మధ్యాహ్నం నేను తలస్నానం చేసి వచ్చేసరికి పాప గుక్కపట్టి ఏడుస్తోంది. అంగీ విప్పి చూస్తే ఎద మధ్యలో రెండు చురకలు. కాల్చిన పసుపుకొమ్ముతో పెట్టినవి. పక్కలు ఎగరేసే పిల్లలకు మా వైపు ఇంకా పెడతారు. ఆ పని తెలిసిన అవ్వను అత్తమ్మ ఇంటికే పిలిపించింది.

“ఏం చేసినవ్ అత్తమ్మా?”

“గంత చిన్న ఎదను కోస్తరంటే నా పాణం ఒప్పలే. నీ మొగనికి గూడ పెట్టించిన. ఇప్పుడు దున్నపోతు లెక్క లేడా?”

వాకిట్లో ఉన్న మా ఆయన నవ్వబోయి, నన్ను చూసి ఆగాడు.

చురకలను చూసి హైదరాబాద్ డాక్టర్లు ఆపరేషన్ వాయిదా వేశారు. కోయాల్సింది సరిగ్గా అక్కడే. చర్మం మానకుండా కోస్తే చీము గుండె దాకా పోవచ్చన్నారు. ఆలస్యమైతే ఊపిరితిత్తులకు ముప్పు. రెండూ ఒకే గొంతుతో చెప్పారు.

ఆ రోజుల్లో లేవగానే ముందు పుండును చూసేదాన్ని, తర్వాతే పాప ముఖం. మందు అత్తమ్మే రాసేది. “ఎండిందా?” “ఇంక పచ్చిగనే ఉంది.” మా మధ్య ఇవే మాటలు.

పొక్కులు రాలి కొత్త చర్మం వచ్చాక ఆపరేషన్ చేశారు. గుండెను ఆపి, యంత్రంతో రక్తం నడిపిస్తూ రంధ్రానికి అతుకు వేశారు. గుండె మళ్లీ తనంతట తానే కొట్టుకుంటోందని సర్జన్ వచ్చి చెప్పాడు. అత్తమ్మ ఆయనకు రెండు చేతులూ జోడించింది.

వార్డుకు తెచ్చిన రోజు, పాపను ఎలా ఎత్తుకోవాలో నర్సు చూపించింది. చంకల కింద పట్టి లేపొద్దు. కోసిన ఎద ఎముక అతుక్కునే దాకా ఒక చేయి మెడ కింద, ఒక చేయి పిర్రల కింద పెట్టాలి.

“ఎవరు ఎత్తుకుంటరు?” అంది.

అత్తమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

“నాతోని కాదు బిడ్డా. నువ్వే ఎత్తుకో.”

“నువ్వెత్తుకో అత్తమ్మా. నేను మెడ పట్టుకుంట.”

కాసేపటికి కొంగులోంచి ఒక చేయి బయటికి వచ్చింది.