తిమింగల భాష

ఒకటో తరగతి మాస్టారికి ఏ పాఠం అప్పజెప్పినా, తిప్పి తిప్పి తిమింగలం దగ్గరికి తెచ్చి ఆపేవారు. అక్షరాలు అందరూ 'అ'తో మొదలుపెడితే ఆయన 'తి'తో మొదలుపెట్టారు. అసలు పేరు హాజరుపట్టీకే పరిమితమైపోయి, బడి మొత్తానికీ ఆయన తిమింగలం మాస్టారయ్యారు. ఆయనతో వేగడం ఎంత కష్టమో పెద్ద మేడంని అడగాలి. బడి నడిపే బాధ్యత ఆవిడది మరి.

తీసివేతల రోజున ఆవిడ తరగతి గుమ్మంలో నిలబడి విన్నారు.

"సముద్రంలో ఐదు తిమింగలాలు. రెండు మునిగాయి. ఎన్ని మిగిలాయి?"

"ఐదు" అన్నారు పిల్లలంతా.

"మూడు కదా మాస్టారూ" అన్నారు మేడం.

"నేనూ అదే చెప్పాను మేడం. మునిగినవి లోపలే ఉంటాయిగా అంటున్నారు. కాదంటే అవి చచ్చిపోయినట్టేనట. ఇద్దరు ఏడుపు కూడా మొదలెట్టారు."

ఇంకోరోజు తిమింగలం ఎంత పొడవో చూపిస్తానని సుద్దముక్కతో నేలమీద గీయడం మొదలుపెట్టారు. తల తరగతిలో పెట్టారు. వరండా పొట్టకే సరిపోయింది. కాసేపటికి సుద్దముక్కతో సహా మేడం గదిలోకి పాకుతూ వచ్చారు.

"కుర్చీ కొంచెం జరుపుతారా మేడం? తోక మిగిలిపోయింది."

ఆవిడ ఫోను మాట్లాడుతూనే జరిగారు.

ఇవన్నీ ఆవిడ ఓర్చుకున్నారు. ఓర్చుకోలేకపోయింది తిమింగల భాషని. ఈ ఏడు మాస్టారు కొత్తగా పట్టుకొచ్చిన విద్య అది. రోజూ పొద్దున పిల్లలు గుండ్రంగా కూర్చుని, తల్లి తిమింగలం, పిల్ల తిమింగలం చేసే ప్రయాణాన్ని తలా ఒక వాక్యం చొప్పున చెప్పాలి. తిమింగలాలు తొందరపడవు కాబట్టి ప్రతి మాటనూ సాగదీయాలి. వారం తిరక్కుండా అది బడి దాటి ఇళ్లకు పాకింది.

"మావాడు అన్నం పెట్టమని అడగడం పూర్తయ్యేలోపు అన్నం చల్లారిపోతోందండీ" అని ఒక తల్లి మొరపెట్టుకుంది. "బస్సొచ్చిందని మా అమ్మాయి చెప్పేసరికి బస్సు వెళ్లిపోయింది" అన్నాడొక తండ్రి.

మేడం మాస్టారిని పిలిపించారు.

"మాట్లాడించండి అంటే పిల్లల్ని నత్తల్ని చేశారు."

"నత్తలు మాట్లాడవు మేడం."

"శనివారం తల్లిదండ్రుల సమావేశం. ఆ సాగుడు అక్కడ వినబడిందా, సోమవారం నుంచి మీకు తరగతి ఉండదు. గ్రంథాలయంలో కూర్చుని పుస్తకాలకు అట్టలు వేసుకోవచ్చు."

మాస్టారు తలూపి వెళ్లిపోయారు. ఆ తలూపడం మీద ఆవిడకు నమ్మకం కుదరలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లి తలుపు పక్కన నిలబడ్డారు. లోపల సాగుడు యథాప్రకారం సాగుతోంది. కేకేయబోతుండగా, వంతు ఒక బక్కపలచని పిల్లకు వచ్చింది.

ఆ పిల్లను ఆవిడ గుర్తుపట్టారు. బడిలో చేరిన రోజున పేరు అడిగితే మొదటి అక్షరం దగ్గరే నత్తితో తట్టుకుని తట్టుకుని ఆగిపోయింది. వెనకాల ఎవరో నవ్వారు. తల్లి కొంగులో మొహం దాచుకుంది పిల్ల. తరువాత ఆ గొంతు మేడం మళ్లీ వినలేదు.

ఇప్పుడా పిల్ల గాలి నిండా పీల్చుకుంది.

"అమ్మాఆఆ, ఆఆగూ. నేఏఏనూ వస్తాఆఆ."

ఎక్కడా తట్టుకోలేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికేముంది, అందరూ మాట్లాడేది అలాగే. పక్క పిల్లాడు ఆవలించి తన వాక్యం అందుకున్నాడు.

తరగతి అయ్యాక మేడం మాస్టారిని వరండాలో ఆపారు.

"ఇదంతా ఆ పిల్ల కోసమా?"

"ఏ పిల్ల మేడం?"

"మాస్టారూ."

ఆయన చేతికున్న సుద్ద దులుపుకున్నారు.

"నాకు ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెబితే మీరూ ఆ పిల్లవంకే చూస్తారు మేడం. అప్పుడు మళ్లీ మాట్లాడదు."

గంట కొట్టే వేళయిందని మేడం వెళ్లిపోయారు.

శనివారం హాలు నిండింది. మేడం వేదికెక్కి, మైకు సరిచేసుకుని, గొంతు సవరించుకున్నారు.

"తల్లిదండ్రులందరికీఈఈ, నమస్కాఆఆరం."

మైకు చెడిందనుకుని అటెండరు వైర్లు లాగి చూడసాగాడు. పెద్దవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఒకటో తరగతి మాత్రం ఏమీ జరగనట్టే కూర్చుంది. ముందు వరసలోంచి ఆ బక్కపలచని పిల్ల లేచి నిలబడి, హాలంతా వినబడేలా చెప్పింది:

"మేఏఏడం, ఇంకాఆఆ సాఆఆగాలీఈఈ."